వానాకాలంలో బిగుసుకునే మెయిన్ డోర్ తాళం: మార్చే ముందు చూడాల్సినవి

ప్రశ్న ఇది. ఏడేళ్ళనాటి టేకు తలుపు, హ్యాండిల్‌తో కలిసి వచ్చే, తలుపు అంచులో గాడి తవ్వి లోపల కూర్చోబెట్టే మోర్టైజ్ తాళం. వానలు పడటం మొదలైనప్పటి నుంచి తాళంచెవి గట్టిగా తిరుగుతోంది, ఒక్కోసారి తిరిగాక బయటికి రావడం లేదు. కొబ్బరినూనె వేస్తే నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. సెట్టు మొత్తం మార్చాలని ఒకరంటే, చెవి దూరే సిలిండర్ ఒక్కటి చాలని ఇంకొకరన్నారు. ఏది నిజం?

ముందే ఏదీ కొనకండి. మూడు పరీక్షలు చేస్తే తప్పు ఎక్కడుందో దానంతట అదే తేలుతుంది.

మొదటిది: తలుపు బార్లా తెరిచిపెట్టి చెవిని రెండు చుట్లూ తిప్పండి. తాళం పడినప్పుడు గుమ్మంలోకి దూరే బోల్టు గాలిలోకి వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. అలా తిప్పినప్పుడు హాయిగా తిరిగి, తలుపు మూశాక మాత్రమే బిగుసుకుంటుంటే తాళానికి ఏ జబ్బూ లేదు. తప్పు తలుపుదో, గుమ్మానిదో, బందులదో. వానాకాలంలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. రెండోది: తెరిచి ఉన్నా గట్టిగానే తిరుగుతుంటే సిలిండర్‌ని బయటికి తీసి (తీసే పద్ధతి కింద ఉంది), చేతిలో పట్టుకుని తిప్పి చూడండి. చేతిలోనూ బిగువుగా ఉంటే సిలిండరో చెవో పాడైంది. మూడోది: చేతిలో తేలిగ్గా తిరిగి, తలుపులో పెడితే బిగుసుకుంటుంటే బాడీలో, అంటే తలుపు లోపల ఉండే తాళం పెట్టెలో తేడా ఉంది, లేదా హ్యాండిల్ స్క్రూలు బాడీని నొక్కుతున్నాయి. ఈ వరుస తప్పించి నేరుగా నూనె డబ్బా తీసేవాళ్ళు, అయిదొందల పనికి అయిదు వేల సెట్టు కొనేవాళ్ళు చాలామంది.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే వానల్లో మొదలవడం, తిరిగాక చెవి బయటికి రాకపోవడం, చూస్తే మొదటి పరీక్షలోనే తేలే అవకాశం ఎక్కువ. కాబట్టి తలుపు సంగతి కాస్త వివరంగా చెప్తాను.

కలప నిలువునా పెరగడం లెక్కలోకి రాదు. గాలిలో తేమ పెరిగితే అడ్డంగా ఉబ్బుతుంది. తలుపుకీ గుమ్మానికీ మధ్య 3 మి.మీ. సందు పెట్టి బిగించిన తలుపు వానల్లో ఆ సందును సగం తినేయగలదు. తెలంగాణలో, ఉత్తర కోస్తాలో జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ ఇబ్బంది కనిపిస్తే, నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు, డిసెంబరులో ఎక్కువ. టేకు తక్కువ ఉబ్బుతుంది గానీ అసలు ఉబ్బదని కాదు. పైగా చాలా ఇళ్ళలో తలుపు ముందు వైపూ వెనక వైపూ అద్దంలా పాలిష్ చేసి, కింది అంచునూ పై అంచునూ వట్టి కొయ్యలా వదిలేస్తారు. రోజూ గడప కడిగే నీళ్ళు ఆ కింది అంచు నుంచే ఎక్కుతాయి.

బోల్టు ఎక్కడ తగులుతోందో ఇలా పట్టుకోండి. తలుపు తెరిచి ఉంచి బోల్టును బయటికి తిప్పి, దాని కొసకీ నాలుగు వైపులకీ తడి కుంకుమో కాటుకో పల్చగా రాయండి. బోల్టును లోపలికి తీసుకుని, తలుపు మూసి, తాళం వేయడానికి ప్రయత్నించండి. తర్వాత తెరిచి గుమ్మం మీది స్ట్రైకర్ ప్లేటు, అంటే బోల్టు దూరే రంధ్రం ఉన్న రేకు చూడండి. రంధ్రం కింది అంచుకి రంగు అంటితే తలుపు కిందికి జారింది. పక్క అంచుకి అంటితే తలుపు వంకరపోయింది లేదా రబ్బరు బీడింగ్ తలుపును పూర్తిగా మూసుకోనివ్వడం లేదు. రంధ్రం లోపల, అడుగున అంటితే లోతు చాలడం లేదు.

తలుపు జారిందనే అనుమానాన్ని ఇంకో రకంగానూ తేల్చుకోవచ్చు. హ్యాండిల్ పట్టుకుని తలుపును కొంచెం పైకి ఎత్తుతూ చెవి తిప్పండి. అప్పుడు తేలిగ్గా తిరిగితే పై బందు వదులైనట్టే. తాళం వైపు పైమూల గుమ్మానికి రాసుకుంటూ, కింది మూల నేలను గీస్తుంటే ఇక సందేహమే లేదు. మంచి టేకు తలుపు బాగా బరువుంటుంది, దానికి తోడు ముందు ఇత్తడి బొమ్మలు. పై బందుకి 4 అంగుళాల చవక రకం వేసి, 25 మి.మీ. స్క్రూలతో సరిపెడితే కొన్నేళ్ళకి స్క్రూలు కొయ్యలో పట్టు వదిలేస్తాయి.

వదులైన స్క్రూను ఇంకాస్త బిగిస్తే సరిపోదు. తిరుగుతూనే ఉండి పట్టుకోకపోతే రంధ్రం పెద్దదైందన్నమాట. స్క్రూ తీసి, వెదురు పుల్లల్ని ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండేదాకా కొట్టి, పైకి వచ్చిన ముక్కను కోసి, ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత సన్నటి డ్రిల్ బిట్‌తో దారి చేసి, అదే లావు ఉన్న 50 మి.మీ. స్క్రూ ఎక్కించండి. అగ్గిపుల్లలు ఈ పనికి మెత్తన. ఒక్కసారి ఒక్క స్క్రూ మాత్రమే తీయండి, తలుపు కింద చెక్కముక్క ఆనించి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి తీస్తే తలుపు మీద పడుతుంది.

బందులు గట్టిగానే ఉండి, ప్లేటు అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తగులుతుంటే ప్లేటును విప్పి, బల్ల మీద బిగించి, ఆకురాయితో ఆ అంచు రాయండి. గుమ్మానికి ఉండగానే రాస్తే పాలిష్ గీసుకుపోతుంది, ఇనుపరజను బోల్టు గూట్లో పడుతుంది. మూడు మిల్లీమీటర్లు దాటితే రాయొద్దు, ప్లేటును జరిపి బిగించాలి. పాత స్క్రూ రంధ్రాలు పూడ్చకుండా పక్కన కొత్తవి వేస్తే స్క్రూ పాత దాంట్లోకే జారుతుంది. లోతు చాలకపోతే ఉలితో గూడు తవ్వాలి. రెండు చుట్ల తాళంలో బోల్టు దాదాపు 20 మి.మీ. బయటికొస్తుంది. గూడు 23, 24 ఉండాలి. ఒక చుట్టు తేలిగ్గా తిరిగి రెండో చుట్టు సగంలో ఆగిపోతుంటే తొంభై పాళ్ళు ఇదే కారణం. తవ్వే ముందు ఒకసారి గూట్లో టార్చి వేసి చూడండి. రంపపు పొట్టు, పుట్టీ, కందిరీగ పెట్టిన మట్టి గూడు కూడా దొరుకుతాయి.

చిత్రిక పట్టించే విషయంలో తొందర వద్దు. వానల మధ్యలో వడ్రంగిని పిలిచి, తగులుతున్న మేరా చిత్రిక పట్టిస్తే ఏప్రిల్‌కి తలుపు ఆరి, సందు వెడల్పై, బోల్టు గుమ్మంలోకి వెళ్ళే భాగం తగ్గిపోతుంది. ఇప్పటికి ప్లేటు సర్ది, ఎండలు ముదిరాక కింది అంచుకీ పై అంచుకీ రెండు పూతలు పాలిష్ వేయించండి. మళ్ళీ వానలకి కూడా రాసుకుంటుంటే అప్పుడు ఒక మిల్లీమీటరు తీయించవచ్చు.

ఇక హ్యాండిల్ స్క్రూలు. రెండు వైపుల హ్యాండిల్ ప్లేట్లనూ కలిపి పట్టే పొడవాటి మెషీన్ స్క్రూలు తలుపుకి ఆరపార వెళ్తాయి. హ్యాండిల్ ఊగుతోందని పవర్ డ్రైవర్‌తో వాటిని బిగించేస్తే సన్నటి రేకు బాడీ నొక్కుకుపోయి లోపలి బోల్టు కదలదు. తలుపు కొయ్య పలచగా ఉండి, మోర్టైజ్ గాడి వెడల్పుగా తవ్వినచోట ఇది తప్పకుండా జరుగుతుంది. ఈ స్క్రూలను అర చుట్టు వదులు చేసి చెవి తిప్పి చూడండి. వెంటనే తేలికైతే పని అక్కడితో అయిపోయింది, మళ్ళీ చేత్తోనే బిగించండి. సిలిండర్‌ని పట్టే ఎం5 (5 మి.మీ. లావు) స్క్రూ సంగతీ అంతే. అతిగా బిగిస్తే సిలిండర్ ఒక పక్కకి లాగబడి చెవి పట్టేస్తుంది.

తలుపు బాగానే ఉందని తేలితే సిలిండర్ దగ్గరికి రావాలి.

సిలిండర్‌లో సాధారణంగా అయిదారు జతల ఇత్తడి పిన్నులు, ప్రతి జత వెనకా వెంట్రుకంత సన్నటి స్ప్రింగూ ఉంటాయి. సరైన చెవి పెడితే అన్ని జతల అతుకులూ ఒకే గీత మీదికి వచ్చి లోపలి గొట్టం తిరుగుతుంది. ఆ గీత దగ్గర ఉండే ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అందులోకి జిడ్డు చేరితే ఒక పిన్ను కిందికి దిగడం ఆలస్యమవుతుంది, చెవి పట్టేస్తుంది.

కొబ్బరినూనె మొదటి నాలుగు రోజులు పని చేయడానికి కారణం అది నూనె కావడమే. ఆ తర్వాత పాడు చేయడానికి కారణం అది వంటనూనె జాతిది కావడం. రోడ్డు దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. పైగా 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున హైదరాబాదులో సీసాలో గడ్డకట్టే నూనె తాళంలో మాత్రం ఎందుకు కరిగి ఉంటుంది? ఆవనూనె, నువ్వులనూనె, నెయ్యి ఏదైనా దుమ్ము పట్టి జిగురవడం తప్పదు. గ్రీజు కూడా సిలిండర్‌లోకి పోనివ్వకూడదు.

ఇప్పటికే నూనె వేశారు కాబట్టి ముందు దాన్ని కడగాలి. డబ్ల్యూడీ-40 స్ప్రే మామూలు రకం ఈ పనికి మంచిది. తలుపు పాలిష్‌కి అంటకుండా సిలిండర్ కింద పాత గుడ్డ పట్టుకుని, స్ప్రేతో వచ్చే ఎర్ర గొట్టం చెవి రంధ్రంలో పెట్టి రెండు సెకన్లు కొట్టండి. వెంటనే చెవిని పది పదిహేనుసార్లు లోపలికీ బయటికీ ఆడించి, తీసిన ప్రతిసారీ తుడవండి. మొదట నల్లటి జిడ్డు వస్తుంది. గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. ఒక రాత్రి ఆరనివ్వండి. ఆ స్ప్రేతోనే వదిలేయొద్దు. అది కడుగుతుంది, తుప్పును వదిలిస్తుంది, కానీ చాలావరకు ఆవిరైపోతుంది.

ఆరాక గ్రాఫైట్ పొడి గానీ, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఉన్న డ్రై స్ప్రే గానీ వాడండి. రెండూ కలపొద్దు. గ్రాఫైట్ అయితే చిన్న ట్యూబుతో ఒకటి రెండు నొక్కులు చాలు. ఎక్కువ పోస్తే చెవి తీసిన ప్రతిసారీ జేబు నల్లగా అవుతుంది. నూనె తడి మిగిలి ఉండగా గ్రాఫైట్ వేస్తే నల్లటి ముద్ద అయి కూర్చుంటుంది, అప్పుడు సిలిండర్ మార్చడమే తేలిక. పెన్సిల్ ముక్కును అరగదీసి వేయడం అత్యవసరానికి పర్వాలేదు గానీ, అందులో బంకమన్ను కలిసి ఉంటుంది, అలవాటు చేసుకోవద్దు. వానలకు ముందు మే ఆఖర్లో ఒకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి చేస్తే లోపలి జిల్లాల్లో సరిపోతుంది. విశాఖ, కాకినాడలాంటి చోట్ల సముద్రపు గాలి తగిలే తలుపుకి మూడు నెలలకొకసారి కావాలి.

బోల్టుకీ లాచ్‌కీ మాత్రం వేరే మందు. ఏటవాలు ముక్కున్న లాచ్ మీద, బోల్టు పక్కల మీద తెల్ల లిథియం గ్రీజు గోరంత తీసుకుని పలుచగా రాయండి. వాసెలిన్ కూడా చెల్లుతుంది.

తాళాన్ని చంపే ఇంకో రెండింటి గురించి ఎవరూ చెప్పరు. ఒకటి టైల్స్ కడిగే యాసిడ్. కొత్త ఫ్లాటు అప్పగించే ముందు నేలంతా యాసిడ్‌తో కడిగి, తలుపులు మూసి వెళ్ళిపోతారు. ఆ ఆవిరికి లాచ్, స్ప్రింగులు, బాడీ లోపలి రేకులు వారంలో తుప్పు పడతాయి. పైకి స్టీలు ప్లేటు మెరుస్తూనే ఉంటుంది. రెండోది పాలిష్, పెయింటు. చెవి రంధ్రం మీద టేపు అంటించకుండా స్ప్రే చేస్తే పిన్నుల మీద పొర కడుతుంది. పుట్టీ రుద్దే రోజుల్లోనూ టేపు ఉండాల్సిందే.

చెవి సంగతి మర్చిపోవద్దు. ఏడేళ్ళుగా రోజూ వాడే చెవిని, డబ్బాలో వాడకుండా ఉన్న రెండో చెవినీ పక్కపక్కన పెట్టి వెలుగులో చూడండి. వాడిన దాని పళ్ళ కొసలు గుండ్రంగా అరిగి ఉంటే, వాడని చెవి తేలిగ్గా తిరిగితే సిలిండర్ బాగానే ఉన్నట్టు. అప్పుడు డూప్లికేట్‌ను ఎప్పుడూ వాడని చెవి నుంచే కోయించాలి. అరిగిన దాని నుంచి కోయిస్తే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది, డూప్లికేట్‌కి డూప్లికేట్ చేయిస్తే తప్పు మీద తప్పు చేరుతుంది. కోసిన చెవి అంచుల్లో పొరకలు మిగిలి ఉంటే సన్న ఆకురాయితో తీయించి, ఇంటికొచ్చాక తలుపు తెరిచి ఉంచి పరీక్షించండి. గుంటల చెవులు, అంటే పళ్ళు లేకుండా చదునుగా ఉండి మీద చుక్కల్లా తవ్వినవి, రోడ్డు పక్క మామూలు మిషన్ మీద కావు. వాటికి వేరే మిషన్ ఉన్న షాపుకే వెళ్ళాలి. సెట్టుతో వచ్చిన కోడ్ కార్డు, అంటే చెవి నంబరున్న కార్డు ఉంటే దాన్ని తలుపు దగ్గరి డ్రాయర్‌లో కాకుండా బీరువాలో పెట్టండి.

తిరిగాక చెవి బయటికి రాకపోవడానికి మూడు కారణాలుంటాయి. బోల్టు మీద తలుపు బరువు ఉండి గొట్టం పూర్తిగా తన చోటికి రాకపోవడం ఒకటి. తలుపును మీ వైపు లాగి పట్టుకునో, తోసి పట్టుకునో తిప్పితే వస్తుంది. రెండోది అరిగిన చెవి. మూడోది గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులవడం. చెవి లాగుతుంటే గొట్టం కూడా మిల్లీమీటరు ముందుకు వస్తే ఇదే. వేలితో గొట్టం ముఖాన్ని లోపలికి నొక్కి పట్టి చెవి తీసి, ఆ వారంలోనే సిలిండర్ మార్చండి. దానికి మరమ్మతు లేదు. పటకారతో మెలిపెట్టి లాగడం మాత్రం వద్దు, చెవి సగం లోపల ఉండిపోతుంది.

అలా విరిగితే, మిగిలిన ముక్కను పెట్టి తిప్పాలని చూడకండి, ఫెవిక్విక్ రాసి అతికించి లాగాలని అస్సలు చూడకండి. చెవి రంధ్రం నిలువుగా, చెవి పెట్టే స్థితిలో ఉందో లేదో చూడండి. ఉంటే కొద్దిగా స్ప్రే కొట్టి, సన్నటి ఫ్రెట్ రంపం బ్లేడును పళ్ళు బయటి వైపు చూసేలా చెవి పళ్ళ పక్క నుంచి జొప్పించి, కొంచెం మెలితిప్పి నెమ్మదిగా లాగండి. గొట్టం అడ్డంగా తిరిగిన స్థితిలో విరిగితే పిన్నులు ముక్కను వదలవు. అది చేతి పని తెలిసినవాళ్ళకి వదిలేయాల్సిందే.

సిలిండర్ తీసే పద్ధతి ఇది. తలుపు తెరవండి. తలుపు అంచున బోల్టుకి కింద, సిలిండర్ ఎత్తులోనే ఒక స్క్రూ కనిపిస్తుంది. అదే ఎం5, పొడవు తాళాన్ని బట్టి 50 నుంచి 75 మి.మీ. దాన్ని పూర్తిగా తీయండి. తీసినా సిలిండర్ రాదు, చాలామంది ఇక్కడే సుత్తి తెస్తారు. సిలిండర్ మధ్యలో క్యామ్ అనే చిన్న రెక్క ఒకటి పక్కకి పొడుచుకు వచ్చి బాడీలో చిక్కుకుని ఉంటుంది. చెవి పెట్టి పది పదిహేను డిగ్రీలు అటో ఇటో తిప్పుతూ, రెండో వైపు నుంచి వేలితో తోయండి. రెక్క సిలిండర్ ఆకారంలో కలిసిపోయిన క్షణంలో జారి వచ్చేస్తుంది.

కొత్తది కొనాలంటే స్క్రూ రంధ్రం మధ్య నుంచి ఒక్కో కొసకీ విడివిడిగా కొలవండి. 30, 30 అయితే 60 సిలిండర్. 30, 40 అయితే 70, కానీ 35, 35 తో కలిసే 70 కాదు. లోపలి వైపు మందం ఒకటి, బయటి వైపు ఒకటి ఉన్న తలుపుల్లో ఈ తేడాతోనే తప్పు సరుకు వస్తుంది. బయటి వైపు హ్యాండిల్ ప్లేటు దాటి 2 మి.మీ. కంటే ఎక్కువ పొడుచుకు రాకూడదు. పొడుచుకు వచ్చిన ముక్క దొంగకి పట్టు ఇస్తుంది. అద్దె ఇంట్లో పాతవాళ్ళు ఖాళీ చేసినప్పుడు, చెవి పోయినప్పుడు కూడా సిలిండర్ ఒక్కటే మారిస్తే చాలు, సెట్టు మొత్తం మార్చనక్కర్లేదు.

కొనేటప్పుడు ఒక మాట అడగండి: లోపలి వైపు చెవి పెట్టి ఉన్నా బయటి చెవితో తెరుచుకుంటుందా? మామూలు సిలిండర్లలో చాలావాటికి తెరుచుకోదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే చోట లోపలి వైపు చెవి పెట్టి వదిలేయడం ఇందుకే ప్రమాదం. లోపల చెవికి బదులు చేత్తో తిప్పే నాబ్ ఉన్న సిలిండర్ అయితే నిప్పు పుట్టినా వెతుక్కోకుండా బయటపడొచ్చు. తలుపు పక్కనే గాజు ప్యానెలో, చేయి పట్టే గ్రిల్లో ఉంటే మాత్రం నాబ్ వద్దు.

సిలిండర్ బాగానే ఉండి బోల్టు కదలకపోతే బాడీ తీయాలి. హ్యాండిల్ స్క్రూలు విప్పి రెండు హ్యాండిళ్ళూ తీయండి. కొన్నిట్లో హ్యాండిల్ మెడ కింద చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది, 2.5 లేదా 3 మి.మీ. అలెన్ కీ పడుతుంది. 8 మి.మీ. చదరపు కడ్డీ లాగేయండి. తలుపు అంచున పైనా కిందా ఉన్న స్క్రూలు తీసి, ప్లేటు వెనక స్క్రూడ్రైవర్ దూర్చి సమంగా రెండు కొసలూ లేపండి. బాడీని తెరవాలనిపిస్తే బల్ల మీద పడుకోబెట్టి, మూత పైకి ఉండేలా నెమ్మదిగా ఎత్తి, ఏదీ కదపకముందే ఫోనుతో ఫోటో తీసుకోండి. స్ప్రింగు ఎగిరిపోతే దాన్ని వెతకడం కంటే కొత్త బాడీ కొనడమే సుఖం. పాత జిడ్డు తుడిచి, కదిలే పట్టీల మీద పలుచగా గ్రీజు రాయండి. లాచ్ స్ప్రింగు విరిగితే, క్యామ్ తగిలే దంతం అరిగితే బాగుచేయించే ప్రయత్నం దండగ. హ్యాండిల్ కిందికి వేలాడిపోవడం కూడా ఎక్కువసార్లు ఈ స్ప్రింగు వల్లే. అంతకు ముందు ఆ అలెన్ స్క్రూ వదులైందేమో చూడండి.

కొత్త బాడీకి బ్రాండు పేరు కంటే కొలతలే ముఖ్యం. హ్యాండిల్ కడ్డీ మధ్య నుంచి సిలిండర్ గొట్టం మధ్యకి దూరం మన దగ్గర ఎక్కువగా 85 మి.మీ., కొన్నిట్లో 72. తలుపు అంచు ప్లేటు నుంచి సిలిండర్ మధ్యకి దూరం 45, 50, 55, 60 లలో ఏదో ఒకటి. అంచు ప్లేటు పొడవు, వెడల్పు కూడా రాసుకోండి. వీలైతే పాత బాడీనే షాపుకి పట్టుకెళ్ళండి. లాచ్ ఏటవాలు ఎటు వైపు ఉండాలో కూడా చూసుకోండి. చాలా బాడీల్లో లాచ్‌ని కొద్దిగా బయటికి లాగి తిప్పి పెట్టొచ్చు. బిగించేటప్పుడు అన్ని స్క్రూలూ మొదట సగమే బిగించి, చెవి తిప్పి చూసి, ఆ తర్వాత ఒక్కొక్కటీ పూర్తి చేయండి. ప్రతి స్క్రూ బిగించాక చెవి తిప్పితే ఏ స్క్రూ పట్టేస్తోందో అక్కడికక్కడే తెలుస్తుంది.

నైట్ లాచ్, అంటే తలుపు లోపలి వైపు పెట్టెలా బిగించి, మూయగానే దానంతట అదే పడే తాళం ఉన్నవాళ్ళకి ఒక ముక్క. బయట చెవి ఊరికే గిరగిరా తిరుగుతూ తలుపు తెరుచుకోకపోతే, సిలిండర్ వెనక నుంచి తలుపు గుండా లోపలి పెట్టెలోకి వెళ్ళే చదును పట్టీ పొట్టిదైంది లేదా విరిగింది. ఆ పట్టీ పెట్టె లోపలికి 10 మి.మీ. దాకా వెళ్ళాలి. ఎక్కువైతే వెనక గోడకి తగిలి చెవి బిగుస్తుంది. పట్టీ మీద గాట్లు ఉంటాయి, పటకారతో అక్కడే విరవాలి. చెవితో పాటు సిలిండర్ మొత్తం తిరుగుతుంటే వెనక పొడవాటి స్క్రూలు వదులయ్యాయి. గాలికి తలుపు దభీమని పడి బయట చిక్కుకుపోయేవాళ్ళు ఈ తాళం వాళ్ళే. చెత్త పారేయడానికి వెళ్ళినా లాచ్‌ను లోపలికి నొక్కి ఉంచే మీట వేసి వెళ్ళాలి.

గేటుకి వేసే తాళంకప్పల పద్ధతి వేరు. నవ్‌తాల్ లాంటి లీవర్ కప్పల్లో పిన్నులు ఉండవు, రేకులుంటాయి. వీటిలో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చెవి రంధ్రంలో, ఒక్కో చుక్క కొక్కెం దిగే రెండు గుంటల్లో వేస్తే చాలు. కప్ప అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం ఉంటే, గేటుకి రంగు వేసేటప్పుడు అది మూసుకుపోకుండా చూడండి. తుప్పు పట్టి కదలనిదాన్ని ఒక రాత్రి కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో నానబెట్టి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు నూనె వేయాలి. వదిలించినా నెల తిరిగేలోపు మళ్ళీ బిగుసుకుంటే రేకుల స్ప్రింగుల్ని తుప్పు తినేసింది, పారేయండి.

తాళాలు బాగుచేసే తెలియనివాళ్ళని పిలిపించుకున్నప్పుడు, మొదటి నిమిషంలోనే డ్రిల్ తీసేవాడిని ఆపి, సిలిండర్ ఒక్కదాన్నే డ్రిల్ చేస్తాడా, బాడీ కూడా పోతుందా అని అడగండి. పని తెలిసినవాడు డ్రిల్‌ని ఆఖరికి ఉంచుకుంటాడు, తప్పనిసరైనా సిలిండర్ దాటి పోడు. డూప్లికేట్ కోసం చెవిని ఇచ్చి సాయంత్రం వస్తామని వెళ్ళిపోకండి, కోసేదాకా అక్కడే నిలబడండి.

డిజిటల్ తాళం పెట్టాలనుకుంటే ముందు పైన చెప్పిన తలుపు పని అంతా అయ్యాకే పెట్టండి. మనిషి తలుపును ఎత్తి పట్టుకుని తిప్పగలడు, మోటారు తిప్పలేదు. బోల్టు రాసుకుంటుంటే బ్యాటరీలు త్వరగా అయిపోతాయి, ఎర్రర్ బీప్‌లు మొదలవుతాయి. ఆల్కలైన్ సెల్స్ అన్నీ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. రీఛార్జి సెల్స్ 1.2 వోల్టులే కాబట్టి వాటితో చార్జి చూపించే అంచనా తప్పుతుంది. సెల్స్ పూర్తిగా అయిపోతే బయటి నుంచి కరెంటు అందించే టెర్మినల్ ఎక్కడుందో కొన్న రోజే చూసుకోండి. దాంతో పాటు వచ్చిన మామూలు తాళంచెవిని ఇంట్లో బీరువాలో దాచొద్దు, అదే ఊళ్ళో ఉన్న నమ్మకమైన బంధువుల దగ్గర ఉంచండి.